కమ్మచ్చు లేని తీగ

పీణ్యా రెండో స్టేజిలో
ఆఖరి మెట్రో వెళ్ళిపోయాకే మా పని మొదలు.
పట్టాల వణుకు నేలలోంచి పాకి
మూడంతస్తుల టవరు కొసని ఊపితే చాలు,
వెంట్రుకంత గాజు ఊరుకోదు.

పైన నంజుండప్ప గాజు కడ్డీని వేలాడదీస్తాడు,
పొట్లకాయకి రాయి కట్టినంత శ్రద్ధగా.
కొలిమి రెండువేల డిగ్రీలు దాటుతుంది.
కాసేపు ఏమీ జరగదు.
ఆరేళ్ళయినా ఆ కాసేపంటే నాకు భయమే.
తర్వాత కడ్డీ అడుగున ఒక బొట్టు ఉబ్బి,
తన బరువుకి తనే జారి,
వెనకాల తీగని ఈడ్చుకుంటూ దిగుతుంది.

ప్రొద్దుటూరులో మా పెదనాన్న
కమ్మచ్చు బెజ్జాల్లోంచి బంగారం తీసేవాడు.
పెద్ద బెజ్జం, దాని పక్కది, దాని పక్కది,
పటకారుతో కొస పట్టి, నడుం వెనక్కి వాల్చి.
సన్నబడే ప్రతిసారీ తీగ కీచుమనేది.
"బంగారం మాట వింటుందిరా,
గాజుకే పొగరు" అనేవాడు,
సంతలో కొన్న ఉంగరాలకి రాళ్ళు పొదుగుతూ.
ఇక్కడ బెజ్జం లేదు, పటకారు లేదు.
లాగేది కింద తిరిగే చక్రం.
సన్నబడటం గాజు సొంత విద్య.

కొలిమి దాటాక రెండు జానల దూరం
దాని ఒంటిమీద ఏమీ ఉండదు.
అప్పుడు వేలు తగిలితే
మచ్చ కూడా కనబడదు.
ఏడాది తర్వాత ఏ ఉక్కు బట్టీ గోడలోనో
సరిగ్గా అక్కడే తెగుతుంది.

ఆ రెండు జానల తర్వాత నేను.
నా మూసలో గుక్కెడు కరిగిన బంగారం.
తీగ దాని నడుమ దూరి
పసుపు రాసుకున్నట్టు బయటికొస్తుంది.
ఇళ్ళకి ఇంటర్నెట్ మోసే తీగలకి
ప్లాస్టిక్ చొక్కా చాలు,
నీడపట్టున బతికే జాతి అది.
ఇది నిప్పులో కాపురానికి పోయేది.
ఏడొందల డిగ్రీల పక్కన నిలబడి
ఎక్కడ ఎంత కాలుతోందో
వెలుతురుతో చెప్పాలి.

తెల్లారి గేటు దగ్గర
చెన్నబసప్ప మెటల్ డిటెక్టర్ ఆడిస్తాడు,
చంకల్లో, చెప్పుల కింద, టిఫిన్ డబ్బా మూతలో.
అందరికీ ఒకసారి. నాకు రెండుసార్లు.
బ్యాడ్జి మీద నా పేరు చివర ఆచారి అని ఉంది.
ఆఫీసులో తెలుగాయన ఒకడున్నాడు.
తల్లి బంగారంలోనూ గింజెత్తు తీస్తాడన్న సామెత
మా వీధి వదిలి ఇంత దూరమొచ్చి
బ్యాటరీ మీద నడుస్తోంది.

మొన్న ఆరొందల మీటర్ల దగ్గర తీగ తెగింది.
తెగిన ముక్కల్ని ఆసిడ్‌లో వేసి
బంగారం వెనక్కి తీస్తాం.
గాజు కరగదు, అడుగున వెంట్రుకల చిక్కులా మిగులుతుంది.
తూకం తగ్గింది,
రెండు గురివింద గింజల ఎత్తు.
ఎవరూ నావైపు చూడలేదు.
చూడకపోవడం కూడా ఒక రకం తనిఖీ.
మధ్యాహ్నం దాకా వెతికాను.
మూస అంచు కింద, లోపలివైపు,
చల్లారిన కన్నీటిబొట్టంత.
గీరి కాటాలో వేశాను.
జుబేదా రిజిస్టర్లో కొట్టేసి తిరగరాసింది.
సారీ అన్న మాట ఏ గడిలోనూ పట్టలేదు.

నిన్న రాత్రి పార్సెల్ వచ్చింది.
పదకొండు నెలలు బట్టీలో ఉన్న మా తీగ ముక్క.
రంగు మాడి, అక్కడక్కడా పొరలేచి,
పాత మట్టెలా ఉంది.
జుబేదా ఒక కొసని లేజర్‌కి తగిలించి
రెండో కొస నా అరచేతికి ఆనించింది.
పట్టుకో, అంది.
ఎర్రటి చుక్క. గురివింద గింజంత కూడా లేదు.

పొద్దున గేటు దగ్గర
అడక్కముందే రెండు చేతులూ చాపాను.
చెన్నబసప్ప రెండుసార్లూ ఆడించాడు.
మోగలేదు.